రాడార్ విప్పిన చేతికి గేటు రిజిస్టరా?

సైన్యంలో ఎలక్ట్రానిక్ పరికరాల మరమ్మతుతో జీవితం గడిపిన సాంకేతికులకు బయట ఏ ఉద్యోగాలు సరిపోతాయి, అవి ఎందుకు అందడం లేదు? అగ్నివీరుల తొలి దళాల గడువు ముగిసే వేళ ముఖచిత్ర కథనం

రాడార్ ట్రాన్స్‌మీటర్ క్యాబినెట్ తలుపు తెరిచిన సైనిక సాంకేతికుడు పనిముట్ల పెట్టె జోలికి పోకముందే ఎర్తింగ్ రాడ్ అందుకుంటాడు. పొడవాటి పిడి చివర రాగి కొక్కెం, ఆ కొక్కెం నుంచి నేలకు కలిపిన మందపాటి తీగ, అంతే ఆ పరికరం. సరఫరా ఆపేసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో వేల వోల్టుల విద్యుత్తు నిలిచి ఉండవచ్చు గనుక, ఆ కొక్కేన్ని ఒక్కొక్క టెర్మినల్‌కూ తాకించి, నిల్వ అంతా నేలలోకి దిగిపోయిందని రూఢి చేసుకుని, రెండో మనిషి పక్కన నిలబడి చూస్తూ ఉండగా అతడు పనిలోకి దిగుతాడు. వీలైనంత వరకు ఒక్క చేత్తోనే పనిచేస్తాడు, ఎందుకంటే రెండు చేతులూ తగిలితే విద్యుత్తు గుండె మీదుగా పోతుంది. తర్వాత ఆసిలోస్కోప్ తెర మీద పల్స్ ఆకారాన్ని చూసి, దాని అంచు నిటారుగా లేవడం లేదంటే లోపం ఏ దశలో ఉండవచ్చో అంచనా వేసి, వరుసగా ఉన్న దశలను సగానికి విభజించి, ఏ సగంలో సంకేతం చెడుతున్నదో తేల్చుకుంటూ, ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తూ చివరికి పాడైన భాగం దగ్గరికి చేరుకుంటాడు.

ఈ క్రమానికి పదిహేను, ఇరవై ఏళ్లు అలవాటుపడిన మనిషి నలభైకి అటూ ఇటూ వయసులో పదవీ విరమణ పొంది, సొంత ఊరికో, పిల్లల చదువుల కోసం హైదరాబాదుకో విశాఖపట్నానికో చేరిన తర్వాత, అపార్ట్‌మెంటు గేటు దగ్గర వచ్చిపోయే వాహనాల నంబర్లు రాస్తూ కనిపించడం తెలుగు పట్టణాల్లో ఎవరినీ ఆశ్చర్యపరచదు. కాపలా పనిలో చిన్నతనమేమీ లేదు. అయితే ఆ పనికి రాడార్ తెలిసిన మనిషి అక్కర్లేదు. రాడార్‌కు దగ్గరి చుట్టాలైన యంత్రాలను నడిపించే ఆస్పత్రులు, విమానాశ్రయాలు, రైల్వే విభాగాలు మాత్రం అదే నగరంలో ఉన్నాయి.

రెండు తరాలు, రెండు రకాల కొరత

2022 జూన్ 14న కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన అగ్నిపథ్ పథకం ప్రకారం చేరిన అగ్నివీరులు నాలుగేళ్లు పనిచేస్తారు, ఒక్కో దళంలో గరిష్ఠంగా 25 శాతం మందిని మాత్రమే శాశ్వత సర్వీసులోకి తీసుకుంటారు, మిగిలినవారు వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధితో, పెన్షన్ లేకుండా బయటికి వస్తారు. 2022 చివర, 2023 ఆరంభంలో శిక్షణకు చేరిన తొలి దళాలకు ఆ గడువు 2026 చివరి నుంచి ముగుస్తుంది కాబట్టి, మాజీ సైనికుల ఉపాధి మళ్లీ చర్చకు వచ్చింది. ఆ చర్చ చాలావరకు కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో రిజర్వేషన్ ఎంత అన్న లెక్క దగ్గరే ఆగిపోతున్నది. తుపాకీ పట్టిన సైనికుడికి పోలీసు బలగం సహజమైన తరువాతి మెట్టు కావచ్చు గానీ, సాల్డరింగ్ ఐరన్ పట్టిన సైనికుడి సంగతి వేరు.

పాత పద్ధతిలో చేరినవారి కథ మరోలా ఉంటుంది. వాయుసేనలో ఎయిర్‌మన్‌కు తొలి ఒడంబడిక 20 ఏళ్లు; సైన్యంలో సిపాయి, నౌకాదళంలో నావికుడు పదిహేనేళ్లు దాటితే పెన్షన్‌కు అర్హులు. మూడు దళాల నుంచి ఏటా సుమారు 60 వేల మంది విరమణ పొందుతుండగా, వారిలో అత్యధికులు జవాన్లు, జూనియర్ కమిషన్డ్ అధికారులు, అంటే ఇంకా ఇరవై ఏళ్లు పనిచేయగల వయసువారే. నాలుగేళ్ల అగ్నివీరుడికి పరికరంలో చెడిపోయిన పెట్టెను గుర్తించి మార్చడం వచ్చి ఉంటుంది గానీ, ఆ పెట్టెలోని సర్క్యూట్ కార్డులో లోపం పట్టేంత అనుభవం రావడానికి ఆ కాలం చాలదు. ఇరవై ఏళ్ల సాంకేతికుడు కార్డు లోతు దాకా వెళ్లగలడు, కాకపోతే ఆ లోతు ఒకటి రెండు పరికరాలకే పరిమితమై ఉంటుంది. ఇద్దరినీ ఒకే గాటన కట్టి ‘మాజీ సైనికుల పునరావాసం’ అనడం వల్ల ఇద్దరికీ నష్టమే జరుగుతున్నది.

వర్క్‌షాపులో నేర్చేది

సైనిక పరికరాల నిర్వహణను స్థూలంగా మూడు అంచెలుగా చెప్పుకోవచ్చు. మొదటి అంచె యూనిట్‌లోనే జరుగుతుంది. పరికరం తనను తాను పరీక్షించుకుని చూపే సంకేతాన్ని బట్టి చెడిన పెట్టెను తీసి మంచిదాన్ని అమరుస్తారు. రెండో అంచెలో ఆ పెట్టెను విప్పి లోపలి కార్డును మారుస్తారు. మూడో అంచె బేస్ వర్క్‌షాపు. అక్కడ కార్డు మీది విడిభాగాన్నే తీసి కొత్తది సాల్డర్ చేసి, తయారీదారు చెప్పిన కొలతలన్నీ సరిపోయే దాకా పరీక్షించి పంపుతారు. సైన్యానికి ఈ పని చేసిపెట్టే ఈఎంఈ, అంటే ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్ల కోర్, 1943 అక్టోబరు 15న ఏర్పడింది. ఆ కోర్ ప్రధాన విద్యాసంస్థ సికింద్రాబాద్‌లోని తిరుమలగిరిలో ఉంది. వాయుసేన సాంకేతికులు బెంగళూరు జాలహళ్లిలోనూ, నౌకాదళ ఎలక్ట్రికల్ శాఖవారు జామ్‌నగర్‌లోని ఐఎన్ఎస్ వల్సూరాలోనూ తయారవుతారు.

ఈ వర్క్‌షాపులకు ఒక ప్రత్యేకత ఉంది. ఇంట్లో టీవీ చెడితే కొత్తది కొంటారు, సైన్యంలో అది కుదరదు. సోవియట్ కాలంలో వచ్చిన పెచోరా క్షిపణి వ్యవస్థ వంటివి తయారు చేసిన దేశమే లేకుండా పోయిన తర్వాత కూడా దశాబ్దాల పాటు సేవలో ఉన్నాయంటే, విడిభాగాలు దొరకని యంత్రాన్ని ఉన్నవాటితో నడిపించే నేర్పు మన సాంకేతికుల చేతుల్లో పెరగడమే అందుకు ఒక ముఖ్య కారణం. పరిశ్రమ దీనికి ‘అబ్సలెసెన్స్ మేనేజ్‌మెంట్’ అని పెద్ద పేరు పెట్టి సలహాదారులకు డబ్బు చెల్లిస్తుంది. హవల్దార్‌కు అది రోజువారీ పని.

బాక్స్: తెలుగు నేల మీద

*మాజీ సైనిక సాంకేతికుడి పాత పరిచయాలు తెలుగు రాష్ట్రాల్లో చాలానే ఉన్నాయి. హైదరాబాద్‌లో 1967లో ఏర్పడిన ఈసీఐఎల్, 1970లో ఏర్పడిన భారత్ డైనమిక్స్, ఎలక్ట్రానిక్ యుద్ధ పరికరాలు తయారుచేసే భారత్ ఎలక్ట్రానిక్స్ యూనిట్, డీఆర్‌డీఓ ప్రయోగశాలలు ఉన్నాయి. చీకట్లో చూపునిచ్చే పరికరాలకు మచిలీపట్నం యూనిట్, నౌకల మరమ్మతుకు విశాఖ నేవల్ డాక్‌యార్డు ఉన్నాయి. దాదాపు ఇంటికొకరు సైన్యంలో పనిచేసిన ఊరిగా పేరొందిన పశ్చిమ గోదావరి జిల్లా మాధవరాన్ని జనం ‘మిలటరీ మాధవరం’ అనే పిలుస్తారు.*

అదే పల్స్, వేరే గది

క్యాన్సర్ ఆస్పత్రిలో రేడియేషన్ చికిత్సకు వాడే లీనియర్ యాక్సిలరేటర్‌ను తెరిచి చూస్తే, రాడార్ సాంకేతికుడికి అందులో కొత్తగా అనిపించేది చాలా తక్కువ. విద్యుత్తును కొద్ది మైక్రోసెకన్ల పల్సులుగా మలిచే మాడ్యులేటర్, ఆ పల్సులతో మైక్రోవేవ్ శక్తిని పుట్టించే మాగ్నెట్రాన్ లేదా క్లిస్ట్రాన్, ఆ శక్తిని మోసుకుపోయే వేవ్‌గైడ్ అనే లోహపు గొట్టం, ఆ గొట్టంలో నిప్పురవ్వలు లేవకుండా నింపిన వాయువు, తిరిగి వచ్చే శక్తి మాగ్నెట్రాన్‌ను దెబ్బతీయకుండా పక్కకు మళ్లించే సర్క్యులేటర్: ఇవన్నీ రాడార్‌లోనూ ఉన్నవే, పౌనఃపున్యం కూడా చాలా రాడార్లు వాడే ఎస్ బ్యాండే, అంటే సుమారు మూడు గిగాహెర్ట్జ్. రాడార్‌లో ఆ శక్తి యాంటెన్నా గుండా ఆకాశంలోకి పోతే, ఇక్కడ అదే శక్తి ఎలక్ట్రాన్లను వేగంగా తోసి, లోహపు పలకకు గుద్దించి ఎక్స్‌రేలు పుట్టిస్తుంది. ఎర్తింగ్ రాడ్ అక్కడా తలుపు పక్కనే వేలాడుతూ ఉంటుంది. ఒక్క రోజు యంత్రం ఆగితే ఆనాటి రోగులందరి చికిత్సా వాయిదా పడుతుంది కాబట్టి, గంటల్లో లోపం పట్టగల మనిషి విలువ ఆస్పత్రి యాజమాన్యానికి బాగానే తెలుసు. అయితే ఈ యంత్రం జోలికి వెళ్లాలంటే తయారీ సంస్థ శిక్షణ కావాలి, అణుశక్తి నియంత్రణ మండలి నియమాలకు లోబడాలి. రేడియేషన్ భద్రత అనే కొత్త అధ్యాయం నేర్చుకోవాలి. మౌలిక విద్య మాత్రం అప్పటికే చేతిలో ఉంది.

ఎంఆర్ఐ యంత్రమూ ఆ కోవలోదే. శరీరంలోని హైడ్రోజన్ కేంద్రకాలకు రేడియో పల్సు పంపి, తిరిగి వచ్చే అతి బలహీనమైన సంకేతాన్ని వినడమే దాని పని, 1.5 టెస్లా యంత్రంలో ఆ పౌనఃపున్యం సుమారు 64 మెగాహెర్ట్జ్, అంటే సైనిక రేడియో సెట్లు విప్పినవారికి పరిచయమైన పరిధే. జలాంతర్గాములను వెదికే సోనార్ మీద పనిచేసిన నావికుడికి అల్ట్రాసౌండ్ ప్రోబ్‌లోని స్ఫటికాల వరుస, వాటి సంకేతాలను కలిపి ఒక దిశలో చూసే విధానం వివరించి చెప్పనవసరం లేదు. విశాఖపట్నంలో వైద్య పరికరాల తయారీకి ప్రత్యేకంగా ఏర్పడిన మెడ్‌టెక్ జోన్, ఆ నగరంలోనే స్థిరపడే నౌకాదళ సాంకేతికులు ఒకరికొకరు ఇంత దగ్గరలో ఉండడం మంచి అవకాశం.

విమానాశ్రయంలో ఈ పోలిక ఇంకా సూటిగా ఉంటుంది. వచ్చే విమానం మనదా, శత్రువుదా అని తేల్చడానికి రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పుట్టిన ప్రశ్నోత్తర వ్యవస్థ నుంచే నేటి పౌర విమానయానపు సెకండరీ రాడార్ వచ్చింది. నేల మీది యంత్రం 1030 మెగాహెర్ట్జ్‌లో ప్రశ్న పంపితే, విమానం 1090 మెగాహెర్ట్జ్‌లో తన గుర్తింపు సంఖ్య, ఎత్తు చెబుతుంది. ఆ వ్యవస్థను బాగుచేసిన వాయుసైనికుడు పౌర విమానాశ్రయంలో రాడార్ నిర్వహణకు కొత్తవాడు కాడు. వాతావరణ శాఖ మచిలీపట్నం, విశాఖపట్నాల్లో నడిపే డాప్లర్ రాడార్లు తుపాను వేళ ఆగకూడదు కనుక అక్కడా అదే నేర్పు అవసరం.

రైల్వేల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థ పట్టాల మధ్య అమర్చిన ఆర్ఎఫ్ఐడీ ట్యాగులు, ఇంజిన్‌లోని కంప్యూటర్, స్టేషన్‌తో మాట్లాడే యూహెచ్ఎఫ్ రేడియోల మీద ఆధారపడి పనిచేస్తుంది. దాన్ని మొదట పరీక్షించి విస్తరించింది దక్షిణ మధ్య రైల్వేలోనే. తయారీకి తొలుత ఆమోదం పొందిన మేధా సర్వో డ్రైవ్స్, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్ సంస్థలే. సిగ్నల్ ఇంజినీర్లకు శిక్షణనిచ్చే ఇరిసెట్ 1957 నుంచి సికింద్రాబాద్‌లోనే ఉంది. కవచ్ దేశమంతా పాకుతున్న కొద్దీ పట్టాల వెంట, ఎండలో, దుమ్ములో రేడియో యంత్రాలను నిలబెట్టే మనుషులు కావాలి. సిగ్నల్స్ కోర్‌లో ఎడారుల్లో, మంచుకొండల్లో అదే పని చేసి వచ్చినవారికంటే తగినవారిని వెదకడం కష్టం.

పని వచ్చు, పత్రం లేదు

మరి అడ్డు ఎక్కడ? పౌర ప్రపంచం నైపుణ్యాన్ని చేతిలో చూడదు, కాగితంలో చూస్తుంది. సైనికుడి డిశ్చార్జి పుస్తకంలో ట్రేడ్ పేరు, గ్రేడు, సేవా కాలం ఉంటాయి గానీ, అతడు ఏ పరికరాన్ని ఏ లోతు వరకు విప్పాడో ఉండదు. ఉండకూడదు కూడా; 1923 నాటి అధికార రహస్యాల చట్టం అతడికి విరమణ తర్వాత కూడా వర్తిస్తుంది. ఇంటర్వ్యూలో ‘మీరు చేసిన పెద్ద పని ఒకటి చెప్పండి’ అని అడిగితే, ఇరవై ఏళ్ల నిపుణుడు తడుముకుని ‘రేడియో, రాడార్ మెయింటెనెన్స్ సార్’ అని నాలుగు మాటల్లో ముగించడానికి వినయం కంటే ఈ భయమే ఎక్కువ కారణం.

సైనిక ట్రేడ్‌లు ఏ పౌర ట్రేడ్‌లకు సమానమో చెప్పే అధికారిక పట్టికలు ఉన్నాయి. 2013లో నోటిఫై అయిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రం వచ్చాక ముందే నేర్చిన విద్యకు గుర్తింపు ఇచ్చే మార్గమూ ఏర్పడింది. ఈ పట్టికలు ప్రభుత్వ నోటిఫికేషన్లలో కొంత పనికి వస్తాయి, ప్రైవేటు సంస్థ మానవ వనరుల విభాగంలో వాటి పేరు విన్నవారు అరుదు. అక్కడ దరఖాస్తుల తొలి వడపోత డిప్లొమా ఉందా, డిగ్రీ ఉందా అన్న రెండు గడుల మీదే జరుగుతుంది.

డిగ్రీల విషయంలో ఒక వింత కూడా నడుస్తున్నది. సర్వీసులో ఉన్నవారికీ విరమణ పొందేవారికీ పట్టా అందించే ఒప్పందాలు కొన్ని ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇచ్చే మానవ వనరుల నిర్వహణ బీఏ సైనికుల్లో బాగా ప్రచారం పొందింది. డిగ్రీ అర్హతగా ఉన్న గుమాస్తా ఉద్యోగాలకు, బ్యాంకు పరీక్షలకు అది ఉపయోగపడుతుంది. కానీ పదిహేనేళ్లు మైక్రోవేవ్ సర్క్యూట్లు చూసిన మనిషి చేతికి మానవ వనరుల పట్టా వస్తే, అతడి అసలు విద్య మరింత కనబడకుండా పోతుంది. అగ్నివీరుల కోసం ఇగ్నో రూపొందించిన మూడేళ్ల డిగ్రీలో సగం క్రెడిట్లు సర్వీసు శిక్షణ నుంచే లెక్కలోకి తీసుకుంటామని 2022లో చెప్పారు. ఆలోచన మంచిదే, ఆ క్రెడిట్ల పక్కన ఎలక్ట్రానిక్స్ అన్న మాట స్పష్టంగా కనిపించినప్పుడే పరిశ్రమకు అది అర్థమవుతుంది.

బాక్స్: బీ2 లైసెన్సు

*విమానంలోని రేడియో, రాడార్, నావిగేషన్ పరికరాల పని పూర్తయిందని సంతకం చేసే అధికారం ఏవియానిక్స్ ఇంజినీరుకు పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, ఇచ్చే బీ2 లైసెన్సుతో వస్తుంది. సీఏఆర్-66 నియమాల ప్రకారం గణితం, భౌతిక శాస్త్రం, ఎలక్ట్రానిక్స్, డిజిటల్ విధానాలు, మానవ తప్పిదాలు, విమానయాన చట్టం వంటి మాడ్యూళ్లలో పరీక్షలు రాయాలి; ఒక్కో మాడ్యూల్‌లో ఉత్తీర్ణతకు 75 శాతం మార్కులు కావాలి. సైనిక విమానాల మీద అనుభవం మొత్తంగా వృథా కాదు, అయితే పౌర విమానాల నిర్వహణలో అదనపు అనుభవం చూపకుండా లైసెన్సు రాదు.*

గేటు దగ్గరికి తీసుకెళ్లే దారి

సాంకేతికుడు కాపలా పనిలోకి చేరడం ఒక్క వ్యక్తి నిరాసక్తత వల్ల జరిగేది కాదు, వ్యవస్థే ఆ వైపు వాలుగా ఉంది. రక్షణ శాఖలోని పునరావాస డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీఆర్, మాజీ సైనికులు నడిపే సెక్యూరిటీ ఏజెన్సీలను నమోదు చేసి ప్రభుత్వ రంగ సంస్థలకు సిఫారసు చేస్తుంది; విరమణ పొందిన జవానుకు ఊళ్లోనే వేగంగా, పరీక్ష లేకుండా దొరికే ఉద్యోగం అదే. విరమణకు ముందు డీజీఆర్ ఇప్పించే శిక్షణ జవాన్లకు ఉచితమే అయినా, కొన్ని నెలల కోర్సు ముగిసే నాటికి అతడి ఆలోచన సామాన్ల రవాణా మీద, సొంత ఊళ్లో ఇంటి మీద ఉంటుంది.

జీతం మరో చిక్కు. ‘మీకు పెన్షన్ వస్తుందిగా’ అన్న మాట మాజీ సైనికుడికి యజమానులు ఇచ్చే జీతంలో కోతకు మారుపేరుగా మారింది. ఇరవై ఏళ్లు కష్టపడి సంపాదించుకున్న పెన్షన్‌ను కొత్త యజమాని తన ఖర్చు తగ్గించుకునే వనరుగా చూడడం అన్యాయం, దాన్ని మొహమాటం లేకుండా అన్యాయమనే చెప్పాలి. పైగా, యూనిట్‌లో సుబేదార్ సాబ్‌గా పాతిక మందికి పని చెప్పిన మనిషి బయట ఇరవై అయిదేళ్ల టీమ్ లీడర్ కింద ట్రైనీగా చేరాల్సి వస్తుంది. ఇంట్లోవారికి కూడా ఈ మెట్టు దిగడం కష్టంగానే ఉంటుంది; ఏళ్ల తరబడి కంటోన్మెంటు క్వార్టర్స్‌లో, క్యాంటీన్, ఆస్పత్రి, పాఠశాల అన్నీ ఒకే ప్రహరీ లోపల దొరికిన కుటుంబానికి అద్దె ఇల్లు, స్కూలు ఫీజులు ఒక్కసారిగా మీదపడతాయి. అందుకే మొదటి నెలలో దొరికిన ఉద్యోగమే చాలామందికి ఆఖరి ఉద్యోగమవుతుంది.

బాక్స్: రాడార్ దగ్గర పనిచేసినవారే

*కంప్యూటర్ మౌస్‌ను రూపొందించి 1968లో ప్రపంచానికి చూపిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా నౌకాదళంలో రాడార్ సాంకేతికుడు. కంప్యూటర్ సమాచారాన్ని తెర మీద చూపవచ్చన్న ఆలోచనకు రాడార్ తెర అనుభవమే మూలమని ఆయన చెప్పుకున్నాడు. 1957లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ స్థాపించిన కెన్ ఓల్సన్ కూడా నౌకాదళంలో ఎలక్ట్రానిక్స్ పని నేర్చినవాడే. యుద్ధం నుంచి తిరిగి వచ్చిన ఆ తరం కాలేజీ చదువుల ఖర్చును 1944 నాటి జీఐ బిల్లు ద్వారా అమెరికా ప్రభుత్వం భరించింది.*

నేర్చుకోవలసినవీ ఉన్నాయి

తప్పంతా బయటివారిదే అనడం సరికాదు. సైనిక వర్క్‌షాపులో విడిభాగం ధర ఎవరూ అడగరు, పరికరం నిలబడిందా లేదా అన్నదే లెక్క. ఆస్పత్రిలో మాత్రం పది వేల రూపాయల కార్డు మార్చాలా, రెండు వందల రూపాయల ట్రాన్సిస్టర్‌తో సరిపెట్టాలా అన్న నిర్ణయానికి జవాబుదారీ ఉంటుంది. యంత్రాలన్నీ నెట్‌వర్కులకు కలిసిపోయాక లోపాల్లో చాలావాటికి మూలం సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటున్నది. ఐపీ అడ్రసు, సర్వర్ లాగ్‌లు చదవడం రాని సాంకేతికుడికి మల్టీమీటర్ ఒక్కటే అండగా నిలవదు. కోపంగా ఉన్న డాక్టరుకు యంత్రం సాయంత్రానికి ఎందుకు సిద్ధం కాదో ఓపికగా చెప్పడం, చేసిన పనిని ఇంగ్లిషులో స్పష్టమైన నివేదికగా రాయడం కూడా ఉద్యోగంలో భాగమే. ఇవి ఆరు నెలల్లో నేర్వదగినవి. సాల్డరింగ్ నాణ్యతను నిర్ణయించే ఐపీసీ ప్రమాణాల ధ్రువపత్రం వంటివైతే అంతకంటే త్వరగా చేతికందుతాయి.

విరమణకు రెండేళ్ల ముందే

కాబట్టి అసలు మార్పు జరగాల్సింది యూనిఫాం విప్పిన తర్వాత కాదు, విప్పడానికి రెండేళ్ల ముందు. లైసెన్సు మాడ్యూళ్లు, నెట్‌వర్కింగ్ ధ్రువపత్రాలు, ఎలక్ట్రానిక్స్ డిప్లొమా, ఏదైనా సరే జీతం వస్తున్న రోజుల్లోనే ఒక్కొక్కటిగా పూర్తిచేసినవాడికి మొదటి నెల తొందర ఉండదు. సైన్యం వైపు నుంచి చేయదగిన పని కూడా ఉంది: పరికరాల పేర్లు, సామర్థ్యాల రహస్యం జోలికి వెళ్లకుండానే ‘మైక్రోవేవ్ ట్రాన్స్‌మీటర్, విడిభాగ స్థాయి మరమ్మతు, పన్నెండేళ్లు’ అని విభాగాధిపతి సంతకంతో ఒక నైపుణ్య పత్రం ఇవ్వడానికి అడ్డేమీ ఉండకూడదు. హైదరాబాద్, విశాఖపట్నాల్లోని ఆస్పత్రులు, మరమ్మతు కేంద్రాలు, రైల్వే గుత్తేదారు సంస్థలు మాజీ సైనికుడి దరఖాస్తును డిగ్రీ గడి దగ్గరే ఆపేయకుండా, చెడిన కార్డు ఒకటి, ఆసిలోస్కోప్ ఒకటి ముందుపెట్టి గంట సమయం ఇచ్చి చూడాలి.

విరమణ పొందుతున్న సాంకేతికుడు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఉపాధి కోసం పేరు నమోదు చేయించుకునేటప్పుడు తన ట్రేడ్, దానికి సమానమైన పౌర ట్రేడ్, పనిచేసిన పరికరాల రకం, మరమ్మతు చేసిన స్థాయి తప్పక రాయించుకోవాలి. ‘మాజీ సైనికుడు’ అని మాత్రమే ఉన్న దరఖాస్తుకు ముందుగా పిలుపు వచ్చేది సెక్యూరిటీ ఏజెన్సీ నుంచే.